డిగ్రీకి తోడుగా ఒక చేతిపని
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పండుగనాడు చదువుల మాట ఎందుకని మేము కొంత సంకోచించితిమి. కాని ప్లస్ టూ ముగించు పిల్లల ముందుదారి ఈ నెలలలోనే నిర్ణయము కావలసియున్నది. కనుక ఆ విషయమే మనవి చేయుచున్నాము.

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతపు తెలుగువారమైన మన స్థితి కొంత వింతది. మనలో కొందరు బ్రతుకుతెరువుకై వలస వచ్చిరి. మరికొందరు కదలనే లేదు, ఎల్లయే కదలినది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు. దానిని చదువగలవారు తక్కువ.

ఇప్పుడు డిగ్రీతోపాటు డిజిటల్ మీడియా, కళలలో సర్టిఫికెట్టు కోర్సు చదువవచ్చునను మాట వినబడుచున్నది. ఫొటోలు తీయుట, వీడియో కత్తిరించి కూర్చుట, బొమ్మలు గీచి కదిలించుట, పుస్తకపు పుటలు దిద్దుట మొదలైన పనులను కంప్యూటరుపై నేర్పుదురు. "బి.కాం. చదువు పిల్లకు బొమ్మల చదువెందుకండీ?" అని తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు.

సత్తిరాజు లక్ష్మీనారాయణగారు 1955లో మద్రాసు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టభద్రులైరి. ఆ పేర వారిని ఎందరెరుగుదురు? బాపు అన్నచో ప్రతి యింట తెలియును. పట్టము వారి కుంచెకు అడ్డు రాలేదు. వారి చేవ్రాత తరువాత కంప్యూటరు అక్షరములుగా కూడ రూపొందినది.

అయితే తోడు చదువు తోడుగానే యుండవలెను. గోడ ఉంటేనే చిత్రమని మన తమిళ సోదరుల సామెత. డిగ్రీ ఆ గోడ. మా యెరుకలోని ఒక కుటుంబమువారు నగలు కుదువబెట్టి ఒక శిక్షణాలయమునకు రుసుము కట్టిరి. ఏడాది ముగియునప్పటికి పిల్లవాని చేతికి రంగుల కాగితము వచ్చినది. నలుగురికి చూపుటకు తాను చేసిన పని ఒక్కటియు లేదు. పైగా డిగ్రీలో రెండు పేపర్లు తప్పినాడు.

కనుక చేరకముందే మూడు ప్రశ్నలు అడుగవలెను. ఈ వేళలు డిగ్రీ తరగతులకు అడ్డు వచ్చునా? సర్టిఫికెట్టు ఇచ్చువారెవరు? కోర్సు ముగియునాటికి పిల్లలు స్వయముగా చేసిన పని ఎంత యుండును? ఈ రంగమున ఉద్యోగమిచ్చువారు ఆ పనినే చూడగోరుదురు.

అప్పు చేయ నక్కరలేదు. తమిళనాడు ప్రభుత్వము 2022 మార్చి 1న ప్రారంభించిన 'నాన్ ముదల్వన్' పథకమున కాలేజీ విద్యార్థులకు నైపుణ్య శిక్షణ కలదు. కేంద్ర ప్రభుత్వము 2017లో ఆరంభించిన 'స్వయం'లో పాఠములు ఉచితము. సర్టిఫికెట్టు కోరువారు పరీక్షకు మాత్రము రుసుము కట్టుదురు. బ్లెండర్, ఇంక్‌స్కేప్ వంటి సాధనములకు వెలయే లేదు. వెల లేనిది విలువ లేనిదని తలపరాదు. 1888లో తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తత్త్వశాస్త్రమును చేపట్టుటకు, బంధువొకరు చదివి యిచ్చిన పాఠ్యపుస్తకములే కారణమని ప్రసిద్ధి.

ఇక మా ఆశ ఒకటి కలదు. ఈ పని నేర్చు పిల్లలు తొలి అభ్యాసము తెలుగుననే చేయవలెను. యూనికోడ్‌లో తెలుగు అక్షరములకు 1991 నుండియు స్థానము కలదు. కాని ఒత్తు తప్పినదో, దీర్ఘము పోయినదో కనిపెట్టుటకు మనిషికి చదువ వచ్చియుండవలెను. మేము ఎంత చెప్పినను పలక పట్టని పిల్లవాడు, తన వీడియో క్రింద అవ్వ మాటలు తప్పులేకుండ వేయవలెనన్న పట్టుదలతోనైనను అక్షరములు నేర్చుకొనును.

అందుచేత కార్యవర్గమునకు మా విన్నపము: వచ్చే ఉగాది సంచికలో నాలుగు పుటలు మన పిల్లలకు విడువుడు. బొమ్మలు, అక్షరములు, కూర్పు అన్నియు వారివే కావలెను. తప్పులుండిన పెద్దలు ప్రక్కన కూర్చుండి దిద్దుదురు గాక. డిగ్రీ వారికి జీవనోపాధికి. ఆ నాలుగు పుటలు మన యింటి భాష నిలుచుటకు.