చేప వడలు, పచ్చి కూరముక్కలు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)



మేము సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకున్నవాళ్లం. తప్పులుంటే మన్నించండి. సంస్కృతిని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. అంత పెద్ద విషయం మాకు చేతకాదు. మా ఇంట్లో చేసుకునే చేప వడల గురించి చెప్పుకుంటాము.

మా తాతలు మద్రాసులో ఓడ ఎక్కి ఫిజీ దీవులకు వెళ్లినవారు. ఫిజీకి కూలీల ఓడలు 1879లోనే మొదలైనా, మద్రాసు నుంచి మనవాళ్లను తీసుకువెళ్లడం 1903లో మొదలయింది. 1916లో ఆఖరి ఓడ చేరింది. అయిదేళ్ల ఒప్పందం, చెరకు తోటల్లో పని. అగ్రిమెంటు అనే మాట వాళ్ల నోట గిర్మిట్ అయింది. తోటల్లో అందరినీ కలిపిన భాష ఫిజీ హిందీ. మా అమ్మానాన్నల కాలానికి ఇంటి భాష కూడా అదే అయిపోయింది. తెలుగు వంటింట్లో మాత్రం మిగిలింది. ఉప్పు, చింతపండు, పులుసు, మూత పెట్టు, మంట తగ్గించు. చిన్నప్పుడు మాకు వచ్చిన తెలుగంతా ఇంతే.

1972 అక్టోబరులో బేబే తుఫాను వచ్చింది. మా ఇంటి రేకులు ఎగిరిపోయాయి. పెరట్లో మిగిలింది నేలలో ఉన్న కర్రపెండలం ఒక్కటే. అమ్మ దాన్ని ఉడకబెట్టి, మెదిపి, డబ్బా చేప కలిపి, కిరసనాయిలు పొయ్యిమీద వడలు కాల్చింది. పక్కన ఉల్లిపాయ ముక్కలు, రాలిన నిమ్మకాయల రసం. ఆ రాత్రి తిన్న తిండి మేము మరిచిపోలేదు.

1987 మే నెలలో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. ఆ తరువాత దేశం విడిచిన వేలమందిలో మేమూ ఉన్నాము. ఎడ్మంటన్ చేరాము. సముద్రం కనిపించని ఊరు. కాని అంగడిలో పసిఫిక్ సాల్మన్ డబ్బా కనిపించింది. మహాసముద్రం అదే, ఒడ్డు వేరు. కర్రపెండలానికి బదులు ఆల్బర్టా బంగాళాదుంప వచ్చి చేరింది.

ఇక పద్ధతి. 213 గ్రాముల సాల్మన్ డబ్బాలు రెండు, అరకిలో బంగాళాదుంపలు. దుంపలు ఉడికాక నీరు బాగా వార్చి, వేడిమీదనే మెదపాలి. తడి మిగిలితే వడ పెనం మీద విడిపోతుంది. చేపలో నీరు పిండేయాలి. డబ్బా చేప ముళ్లు మెత్తగా ఉంటాయి, వేళ్లతో నలిపి కలుపుకోవచ్చు. పచ్చిచేప అయితే పసుపు వేసి ఉడికించి, ముళ్లన్నీ ఓపికగా ఏరాలి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర, కరివేపాకు వేయాలి. డబ్బా చేపలో ఉప్పు ముందే ఉంటుంది కనుక రుచి చూసి వేయండి. చల్లారాక ఒక గుడ్డు కలిపి, వేలు మందాన తట్టి, బ్రెడ్ పొడి అద్ది, అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. తరువాత పెనం మీద కొద్ది నూనెలో, ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు, ఎర్రగా కాల్చండి. తొందరపడి అట్లకాడ పెట్టవద్దు. కింద గట్టిపడితే వడ తనే వదులుతుంది.

పక్కకు ముల్లంగి, కీరదోస, క్యారెట్. ఇక్కడ మంచు భయం తగ్గాక, విక్టోరియా డే సెలవుల ప్రాంతంలో మేము పెరట్లో విత్తనాలు వేస్తాము. జూన్‌లో పగలు పదిహేడు గంటలు ఉంటుంది. నెల తిరిగేసరికి ముల్లంగి చేతికి వస్తుంది. ఆ పొడుగు పగళ్లకు కొత్తిమీర మాత్రం త్వరగా పూతకు వస్తుంది, కొద్దికొద్దిగా మళ్లీ మళ్లీ చల్లుకోవాలి. ముక్కలకు ఉప్పు, నిమ్మరసం తినబోయే ముందే కలపండి. ముందే కలిపితే నీరు ఊరిపోతుంది.

ఒకసారి ఒక విందుకు ఈ వడలు పట్టుకెళ్తే, ఒకాయన చూసి, "ఇది తెలుగు వంట కాదండీ" అన్నారు. మేము జవాబు చెప్పలేక గిన్నె ఇంటికి తెచ్చుకున్నాము. తరువాత తెలుసుకున్నాము: బంగాళాదుంప, మిరపకాయ రెండూ అమెరికా ఖండం నుంచి ఇండియాకు వచ్చినవే. మిరపకాయ మనదైనప్పుడు మా వడ ఎందుకు కాకూడదు?

సాయంకాలపు తరగతిలో మా పంతులమ్మగారు సంక్రాంతి మీద వ్యాసం రాయమన్నారు. మాకు రాలేదు. తెలిసింది రాయమన్నారు. ఈ వడలు చేసే విధానం రాశాము. అరవై దాటాక మేము రాసిన మొదటి తెలుగు పేజీ అది.

ఆ పేజీలో ఒక ఖాళీ ఉంది. అమ్మ అందులో చింతపండు కూడా వేసేది. ఎంత వేసేదో, ఎప్పుడు వేసేదో మేము అడగలేదు. పిల్లలకు పాఠాలు చెప్పిన మేము అమ్మ దగ్గర ఆ ఒక్క పాఠం నేర్చుకోలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. చింతపండుతో ఎన్నిసార్లు చేసినా ఆ రుచి రాలేదు.

పిల్లలూ, మీ ఇంట్లో అమ్మమ్మో, నానమ్మో, తాతయ్యో ఉంటే ఈ శీతాకాలంలో పక్కన కూర్చుని ఒక్క వంట వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఏ భాష కలిసినా ఫరవాలేదు. కొలతలు మాత్రం అడగండి.

బయట బల్లమీద వడలు ఉన్నాయి. చల్లారకముందే రండి. సెలవు.