కఠినశయ్య



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము మిక్కిలి చిన్నది. ఇది వేదాంతము గాదు, వ్యాకరణము గాదు. క్రొత్తగా దెచ్చిన పరుపు గట్టిగా దోచినప్పుడు గృహస్థు ఏమి చేయవలయునన్నదే ప్రశ్నము. ఇంతమాత్రమునకు రేడియోలో ప్రసంగమా యని మీలో గొందఱు నవ్వవచ్చును. కాని మనుజుడు తన యాయువులో నించుమించు మూడవవంతు శయ్యమీదనే గడపుచున్నాడు. అరువదియేండ్లు నిండినవాడు ఇరువదియేండ్లు పండుకొనినవాడే. అందును వార్ధకమున నిద్ర సహజముగనే పలుచబడును. ఆ పలుచని నిద్రను పరుపు కూడ చింపివేసినచో నిక మిగులునదేమి?

నాకు కలిగిన యనుభవమును ముందుగా విన్నవింతును.

మాది గోదావరి యొడ్డున నొక పల్లె. మా యింట ముప్పదియేండ్లుగా నొక దూదిపరుపు ఉండెడిది. అది నడుమ గుంటపడి దోనెవలె నయినది. పోయిన మార్గశిరమాసమున మా యబ్బాయి పట్టణమునుండి క్రొత్తపరుపు నొకదానిని పంపెను. అది కొబ్బరిపీచుతో జేసినది, అయిదంగుళముల మందము. ఇద్దఱు మనుష్యులు దానిని మోసికొనివచ్చి మా పలకలమంచముపై బఱచి పోయిరి. నేను పిడికిలితో నొక్కి చూచితిని. లొంగలేదు. “భేష్! పరుపనగా నిట్లుండవలెను” అంటిని.

గట్టిశయ్య యన్నచో నాకు చిన్ననాటినుండియు నొక గర్వము. గురువుగారి యింట కావ్యములు చదువుకొను దినములలో చాపయే మాకు పరుపు, పంచెమడతయే దిండు. మెత్తని పరుపు సోమరులకని బడిలో పిల్లలకు బోధించినవాడను. కావున నారాత్రి హాయిగా నిద్రించితిని. మఱునాడుదయమున మా ఇల్లాలిని “నిద్ర పట్టినదా?” యని యడిగితిని. “పట్టిన” దనెను. అంతటితో నా విచారణ ముగిసినది.

ఇరువది దినములు గడచిన పిమ్మట నొకనాడు తెల్లవారుజామున మెలకువ వచ్చెను. ప్రక్కన ఆమె లేదు. లేచి వసారాలోనికి పోయి చూచితిని. ఆ చలిలో పాత నులకమంచముమీద చీరెలబొంత పఱచుకొని ముడుచుకొని పండుకొని యున్నది. లేపి కారణ మడిగితిని. “మొదటిరాత్రినుండియు కుడిభుజమును తుంటియు సలుపుచున్నవండీ. మీరు నిద్రపోయిన తరువాత నిక్కడికి వచ్చి, మీరు లేవకమునుపే లోపలికి వచ్చుచున్నాను. అబ్బాయి అంత ప్రేమతో పంపినాడు. మీరు చూడగా భేషంటిరి. ఇక నేనేమని చెప్పుదును?” అనెను.

శ్రోతలారా! ముప్పదియైదేండ్లు ఉపాధ్యాయత్వము నెఱపి, ఏ పిల్లవానికి పాఠము బోధపడినదో, ఎవనికి పడలేదో కన్నులనుబట్టియే కనిపెట్టగలనని యనుకొన్నవాడను. ప్రక్కనున్న మనిషి ఇరువది రాత్రులు నిద్ర లేక వేగుచుండగా కనిపెట్టలేకపోతిని. ఆ సిగ్గే యీ ప్రసంగమునకు మూలము.

ఒకే పరుపు నాకు సుఖమై, ఆమెకు శిక్ష యెట్లైనది? దీనికి కారణము స్పష్టము. పరుపుయొక్క కాఠిన్యము పరుపునందే యున్నదనుకొనుట పొరపాటు. అది పండుకొనువారి బరువునుబట్టియు, పండుకొను రీతినిబట్టియు మాఱుచుండును. నేను స్థూలకాయుడను. నా బరువునకు పరుపు కొంత లొంగును. ఆమె బక్కపలుచని మనిషి. ఆమె బరువునకు అది యేమాత్రమును లొంగదు. మఱియు నేను వెల్లకిల పండుకొందును. నా భారము వీపంతటను వ్యాపించును. ఆమె ప్రక్కకు తిరిగి పండుకొనును. భారమంతయు భుజముమీదను తుంటిమీదను పడును. ఎముక పైకి దేఱియున్న ఆ తావులయందు చర్మము నలిగి, నెత్తుటి నడక మందగించి, తిమ్మిరియు నొప్పియు పుట్టును. అందువలన మాటిమాటికి ప్రక్క మార్చుకొనవలసివచ్చును. ప్రక్క మార్చినప్పుడెల్ల నిద్ర చెదరును.

మన వెన్నెముక గడకఱ్ఱవలె తిన్ననైనది గాదు. మెడకడను నడుముకడను లోనికి వంగి, వీపుకడ వెలికి వంగియుండును. శయ్య యనునది ఈ వంపులను భరింపవలెను. మిక్కిలి గట్టిదైనచో నడుము ఆధారము లేక గాలిలో నిలుచును. మిక్కిలి మెత్తనిదైనచో తుంటిభాగము దిగబడి నడుము వంగిపోవును. దీనిని పరీక్షించుట సులభము. వెల్లకిల పండుకొని, నడుముక్రింద అరచేతిని దూర్చి చూడుడు. చేయి ఏ యడ్డును లేక అటునుండి ఇటు పోయినచో పరుపు మీకు గట్టిది. దూరుటకే వీలులేనిచో మెత్తనిది. కొంచెము ప్రయాసతో దూరినచో తగినది. ఇంటిలో ఎవరికివారే యీ పరీక్ష చేసికొనవలెను. ఒకరి ఫలితము వేఱొకరికి చెల్లదు.

నడుమునొప్పికి గట్టిశయ్యయే మందని పెద్దలందఱును చెప్పుచుండిరి. బల్లమీద పండుకొనుమని వైద్యులును చెప్పుట కలదు. ఈ నమ్మకమును స్పెయిన్ దేశమున కొందఱు వైద్యులు పరీక్షించి, ఫలితమును 2003వ సంవత్సరమున లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. చాలకాలముగా నడుమునొప్పితో బాధపడుచున్న 313 మందిని రెండు తెగలుగా జేసి, ఒక తెగకు గట్టిపరుపులను, రెండవతెగకు మధ్యరకపు పరుపులను ఇచ్చిరి. ఏ పరుపు ఎవరిదో వారికి దెలియనీయలేదు. తొంబది దినములు గడచిన పిమ్మట విచారింపగా, మధ్యరకపు పరుపులవారికే నొప్పి యెక్కువగా తగ్గినట్లు తేలినది. మంచి శయ్యకును తపస్సునకును సంబంధము లేదని నేను ఈ వయసున నేర్చుకొంటిని.

ఇక క్రొత్తపరుపు ఏల గట్టిగా నుండును? దూదిపరుపైనచో, నిండుగా కూరి బిగించి కుట్టుటచేత మొదట గట్టిగా నుండి, వాడుకమీద అణగును. కొబ్బరిపీచు పరుపునందు పీచును రబ్బరుపాలతో తడిపి, వేడిమిలో నదిమి పలకలుగా జేయుదురు. ఎంత యదిమిన నంత గట్టిదగును. నురుగురబ్బరువంటి పరుపులలో కొన్నిటికి చలి తగిలిన బిగియుట, ఒంటి వేడిమికి మెత్తబడుట స్వభావము. అరకు, లంబసింగి, ఆదిలాబాదు ప్రాంతములవంటి చలిసీమలయందు చలికాలమున వీనిని గొన్నవారు వేసవివఱకు వేచిన పిమ్మటనే వాని నిజరూపమును దెలిసికొందురు. ఇది గాక, ముప్పదియేండ్లు గుంటలో పండుకొనిన దేహమునకు సమతలమే కఠినముగా దోచును. కావున మొదటి రాత్రికే తీర్పు చెప్పరాదు. సాధారణమైన బిగువు మాత్రమే యైనచో మూడు నాలుగు వారములలో పరుపును దేహమును ఒకదాని కొకటి అలవాటుపడును. కాని దినదినమునకు నొప్పి యెక్కువగుచుండగా ఓర్చుకొనుట ఓర్పు గాదు, అవివేకము.

ఈలోగా చేయదగిన పనులు కొన్ని కలవు. దూదిపరుపును ఎండవేసి కఱ్ఱతో తట్టినచో చెమ్మ పోయి, దూది విచ్చుకొని మెత్తబడును. రబ్బరు కలసినదానిని మాత్రము తీవ్రమైన యెండలో నుంచరాదు. ఎండకు రబ్బరు పెళుసెక్కి చెడును. దానిని గాలి తగులు నీడపట్టున నిలువబెట్టిన చాలును. తలవైపును కాళ్లవైపునకు మార్చుచుండవలెను. రెండుప్రక్కలును ఒకేరీతిగా నున్నచో తిరగవేయనువచ్చును. మెత్తబడునని పిల్లలచేత గంతులు వేయింపరాదు. గుంటలు పడును గాని మార్దవము రాదు.

పలకలను విడిచి, సాగిన నులకమంచముమీద వేసినచో మెత్తబడునుగదా యని నాకొక యుక్తి తోచినది. అది తప్పని పిమ్మట దెలిసినది. పీచుపరుపు ఆధారము లేక నడుమ వంగి, విఱిగి చెడిపోవును. దూదిపరుపునకైనచో బిగువుగా లాగి యల్లిన నవారుమంచము మంచి తోడు.

అన్నిటికంటె సులభమైన యుపాయము పైపరుపు. గట్టిపరుపును తీసివేయక, దానిమీద రెండంగుళముల మందము గల మెత్తని పలుచపరుపును వేసికొనవలెను. దీనికి మన బూరుగుదూది మిక్కిలి యనువైనది. నూలు వడకుటకు పనికిరాని యా దూది, తేలికయై మార్దవము గలిగియుండును. సంస్కృతమున తూలమనగా దూది, తూలిక యనగా దూదిపరుపు. కవులు వర్ణించిన హంసతూలికాతల్పము మనకు దొరకదు గాని, పెరటి బూరుగుచెట్టు మనకు తూలిక నీయగలదు. అయితే బూరుగుదూది వెంటనే అంటుకొను స్వభావము గలది. చుట్ట త్రాగు పెద్దలు ఆ పరుపుమీద చుట్ట ముట్టింపరాదు. దీపమును దగ్గఱ నుంచరాదు. ఉబ్బసము గలవారు దుమ్ము రాకుండ మందమైన గలీబు తొడిగించుకొనవలెను.

తరువాత దిండు. భారతకథను స్మరింపుడు. అంపశయ్యపై నొఱగిన భీష్మునకు తల వ్రేలాడుచుండెను. రాజులు పరుగునబోయి మెత్తని పట్టుతలగడలను దెచ్చిరి. ఆయన వానిని నిరాకరించి అర్జునునివైపు చూచెను. అర్జునుడు మూడు బాణములను నాటి తలకు ఆధారము గల్పించెను. పితామహుడు సంతోషించెను. నేనీకథను పిల్లలకు ఎన్నిమాఱులు చెప్పితినో లెక్కలేదు. కాని శయ్యకు దగిన దిండుండవలెనన్న లౌకికధర్మము అందు దాగియున్నదని నాకప్పుడు తోచలేదు. శయ్య మాఱినచో దిండును మార్చవలెను. గట్టిపరుపుమీద ప్రక్కకు తిరిగి పండుకొన్నప్పుడు భుజము దిగబడదు. కావున తలకును పరుపునకును నడుమ ఎడము పెరుగును. మెత్తనిపరుపునాటి పలుచనిదిండు ఆ యెడమును నింపజాలదు; మెడ వంగి నొప్పిపుట్టును. అట్టివారికి కొంచెము ఎత్తైన దిండు కావలయును. మోకాళ్లనడుమ మఱియొక చిన్నదిండు నుంచుకొన్నచో తుంటికి హాయి. వెల్లకిల పండుకొనువారు మోకాళ్లక్రింద నుంచుకొన్నచో నడుము పరుపునకు ఆనుకొనును.

ఇవన్నియు చేసినను ఫలింపనిచో, దూదిపరుపును విప్పించి మరల నేకించుటకు వీలున్నది. నా చిన్ననాడు దూది యేకు సాయిబుగారు భుజమున పెద్ద విల్లు తగిలించుకొని మా వీధికి వచ్చెడివారు. ఆ వింటినారి మ్రోగుచుండగా అట్టలుకట్టిన దూది మేఘమువలె లేచెడిది. ఎక్కువైన దూదిని తీసివేయించి కుట్టించుకొన్నచో గట్టిపరుపు మెత్తనగును. నేడు ఆ విల్లు అరుదై, పట్టణములలో యంత్రము ఆ పని చేయుచున్నది. పీచుపరుపునకును నురుగుపరుపునకును ఈ సంస్కారము లేదు. వానిని మార్చుకొనుటయే మార్గము. కొందఱు వర్తకులు కొన్ని దినముల గడువులో మార్చి యిత్తురు. కావున రసీదును దాచవలెను. గడువును ముందే యడిగి తెలిసికొనవలెను.

రెండు హెచ్చరికలు. మెత్తదనము పెద్దలకు మేలుగాని, పసిబిడ్డలకు గాదు. ఏడాది నిండని శిశువును మెత్తని పైపరుపుమీద పండుకొనబెట్టరాదు. ముఖము అందులో గ్రుంగినచో ఊపిరాడదు. వారికి చదునైన గట్టిశయ్యయే క్షేమము, దిండు వలదు. ఇక రెండవది. లేచి తిరిగిన గంటలో తగ్గు నొప్పి పరుపుదోషము కావచ్చును. కాళ్లు తిమ్మిరెక్కి బలము తగ్గుట, మలమూత్రములు వశముతప్పుట, జ్వరము, ఏ ప్రక్కకు తిరిగినను తగ్గని రాత్రినొప్పి — ఇవి కనబడినచో పరుపును విడిచి వైద్యునికడకు పోవలెను.

ఆనాటి యుదయముననే నేను మా యబ్బాయికి టెలిఫోను చేసి జరిగినదంతయు చెప్పితిని. వాడు నొచ్చుకొనునని మేము భయపడితిమి. వాడు నొచ్చుకొనినమాట నిజమే. కాని పరుపు గట్టిదనినందుకు గాదు. “నాన్నగారూ, పదునైదు దినములలో చెప్పియుండినచో వారు మార్చి యిచ్చెడివారు. అమ్మ ఇన్నాళ్లు వసారాలో పండుకొన్నదా?” యనెను. గడువు దాటి అయిదు దినములైనది. మా మొగమాటముయొక్క వెల యంత.

పిమ్మట బూరుగుదూదితో ఆమెవైపునకు మాత్రము పైపరుపు నొకటి కుట్టించితిని. దిండు మార్చితిమి. సంక్రాంతి వచ్చునప్పటికి ఆమె తెల్లవాఱువఱకు కదలక నిద్రించుచుండెను. వసారాలోని నులకమంచమును నేనే యెత్తి అటకపై బెట్టితిని.

పెద్దలారా! మన యిండ్లలో బిడ్డలు ప్రేమతో దెచ్చిన వస్తువును బాగులేదనుట తప్పని తలచి తల్లులు సహించియుందురు. భర్త మెచ్చినదానిని కాదనుట తప్పని ఇల్లాండ్రు ఊరకుందురు. మీ యింట క్రొత్తపరుపు వచ్చినచో, నావలె పిడికిలితో నొక్కి తీర్పు చెప్పకుడు. నిద్ర పట్టినదా యని ఒకమాఱు అడిగి ఊరకుండకుడు. నాలుగవనాడు మరల అడుగుడు. పదియవనాడును అడుగుడు. పరుపు కఠినమైనచో దూదితో దిద్దవచ్చును. ఆ మాట చెప్పుటకు ఇంటివారు జంకునట్టి కాఠిన్యము మనయందున్నచో, దానిని ముందుగా దిద్దుకొనవలెను.

స్వస్తి.