లక్వా, మతిమరుపు – మనం తెలుసుకోవలసినవి
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము. అయినా ఈ విషయం మాట్లాడటానికి కారణం ఉంది. మా అబ్బాజాన్ ఒకనాడు ఫజర్ నమాజుకు వుజూ చేస్తుండగా చేతిలోని లోటా జారిపోయింది. మూతి వంకరపోయింది, మాట తడబడింది. గాలి సోకిందనుకున్నాం. ఒకరు నూనె మర్దనా అన్నారు, ఇంకొకరు పావురం నెత్తురు అన్నారు. ఆసుపత్రికి చేరేసరికి అసర్ వేళయింది. ప్రాణం దక్కింది, అల్‌హమ్దులిల్లాహ్. కాని ఏడాది తిరగకుండానే ఆయన జొహర్ చదివి, మళ్ళీ జొహర్‌కని లేచేవారు. వయసు మీద పడింది లెమ్మని ఊరుకున్నాం. అదీ ఆ లక్వా దెబ్బేనని డాక్టరుగారు చెప్పాకనే తెలిసింది.

మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా పక్షవాతం వస్తుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కకట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. అయితే స్కానింగ్ తీసి, రక్తస్రావం లేదని చూసి, సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు. మేము పోగొట్టుకున్నది ఆ గంటలనే.

బి.పి., షుగరు అదుపు తప్పితే సన్నని నాళాలు కూడా చప్పుడు లేకుండా మూసుకుపోతాయి. చెయ్యి పడదు, కాలు పడదు. జ్ఞాపకం, ఆలోచన మాత్రం మెట్టుమెట్టుగా దిగజారుతాయి. దీన్నే డిమెన్షియాలో ఒక రకంగా చెబుతారు.

మనకు సంతోషం కలిగించే పరిశోధన ఒకటుంది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారికంటే రెండు భాషలు వచ్చినవారికి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది. పక్షవాతం వచ్చిన 608 మందిని చూసి 2016లో మరో ఫలితం ప్రకటించారు: తెలివి, జ్ఞాపకం మామూలుగా నిలిచినవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం. రెండు భాషలొస్తే లక్వా రాదని దీని అర్థం కాదు. కాని ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మన పిల్లలకు ఏ ఒక్కటీ మాన్పించకండి.

చివరిగా మా మనవి. మూతి వంకరపోయినా, చెయ్యి వాలినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. స్కానింగ్ కాకుండా ఏ మాత్రా మింగించకండి. రంజాన్‌కు ముందే డాక్టరుగారిని అడిగి మందుల వేళలు మార్పించుకోండి, సొంతంగా మానకండి. నెలకొక జుమా నమాజు తర్వాత బి.పి. చూసే ఏర్పాటు మన సొసైటీ చేయాలని కోరుతున్నాం. అందుకయ్యే మిషను మా అబ్బాజాన్ పేర మేమే ఇచ్చుకుంటాం.

మన పెద్దల మాటను, మతిని అల్లాహ్ కాపాడుగాక. ఆమీన్.