బొమ్మ మూలన సంతకం



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆయన్ని ఈ బొల్లారంలో అందరూ డ్రాయింగ్ మాస్టారనే పిలిచారు. పేరెత్తి పొగడొద్దు, ఆయనకిష్టమైన బొమ్మల గురించి మాట్లాడితే చాలని ఇంటివాళ్లు చెప్పారు. ఆ మాట పాటిస్తాను. ఆయన జీవితమంతా పోగుచేసిన చందమామలు, ఇంద్రజాల్ కామిక్సులు, అమర్ చిత్ర కథలు ఇప్పుడు ఈ గ్రంథాలయానికి వచ్చాయి. వాటిని ఏం చేయాలన్న ప్రశ్న మన ముందుంది. నా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే ఉంటాయి.

ఒక్క సంచిక చేతికొస్తే కథ చదువుకుంటాం. అదే పత్రిక పదేళ్ల సంచికలు నేలమీద వరసగా పరిస్తే కథలు కాస్త వెనక్కి జరిగి, వాటికి బొమ్మలు వేసిన మనిషి ముందుకొస్తాడు. చెయ్యి ఎక్కడ తడబడింది, ఎక్కడ కుదుటపడింది, ఏ ముఖం మళ్లీమళ్లీ వేశాడు, ఏ నెలలో తొందరపడ్డాడు అన్నీ తెలుస్తాయి. చిత్రకారుణ్ని అభిమానించడం అలాగే మొదలవుతుంది. కామిక్సు పోగుచేయడం కాలక్షేపమని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. చదివి పారేయడానికి అచ్చయిన కాగితం మీద ఎవరెవరు పనిచేశారో కనిపెట్టి నిలబెట్టింది పోగుచేసినవాళ్లే.

బొల్లారంలో ఇంత మంచి సేకరణ తయారవడం వింతేమీ కాదు. ఇది దండు ఊరు. రాష్ట్రపతి నిలయమూ, 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చీ ఇక్కడే ఉన్నాయి. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి ఆ చర్చికి వచ్చినప్పుడు చూసినవాళ్లు ఈ సభలోనూ ఉండి ఉంటారు. కానీ మన విషయానికి కావలసింది రాణిగారి రాక కాదు, సైనిక కుటుంబాల రాకపోకలు. బదిలీ ఆర్డరు రాగానే ట్రంకుపెట్టెల్లో పట్టనివన్నీ పాత కాగితాల దుకాణానికి చేరేవి. తమిళ కుటుంబం అంబులిమామ వదిలేసి వెళ్లేది, ఉత్తరాదివాళ్లు హిందీ చందమామ, ఆఫీసర్ల పిల్లలు ఇంగ్లీషు కామిక్సు. మాస్టారు వాటిని తూకానికి కొనేవారు. అందుకే ఆయన అలమరలో ఒకే బొమ్మ తెలుగులోనూ తమిళంలోనూ హిందీలోనూ కనిపిస్తుంది. ఒకచోట అచ్చు మసకగా ఉంటే ఇంకోచోట గీత స్పష్టంగా తేలి ఉంటుంది. ఒకే భాష మాట్లాడే పల్లెటూళ్లో ఇలాంటి పోలికకు వీలుండేది కాదు.

చందమామ 1947 జులైలో తెలుగులోనూ తమిళంలోనూ మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి దాన్ని పెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వపు బరువంతా మోశారు. ఆ పత్రికలో ఒక పద్ధతి ఉండేది. సీరియళ్లకు రచయిత పేరు వేసేవారు కాదు. తోకచుక్క, రాకాసిలోయ, శిథిలాలయం చదువుతూ పెరిగిన తరాలకు వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యమని ఎన్నో ఏళ్లు తెలియదు. బొమ్మ మూలన మాత్రం చిన్న సంతకం ఉండేది. పిల్లలు దాన్ని పట్టుకున్నారు. కథ ఎవరిదో తెలియకపోయినా బొమ్మ చిత్రాదా, శంకర్‌దా అన్నది వాళ్లకు తెలుసు. తెలుగు పత్రికల చరిత్రలో రచయిత కంటే చిత్రకారుడి పేరే ముందు పాఠకుడి నోట పడిన చోటు నాకు తెలిసి ఇదొక్కటే.

చిత్రా అసలు పేరు టి.వి. రాఘవన్. బళ్లో కూర్చుని చిత్రకళ నేర్చుకున్నవారు కాదని ఆయన్ని ఎరిగినవాళ్లు రాశారు. 1954లో తోకచుక్క మొదలైన దగ్గర్నుంచి దాసరి కథలకు ఆయన బొమ్మలే ప్రాణం. ఆ కథల్లో ఉన్నవి ఎవరూ చూడని లోకాలు: కొండ కొమ్మున కోటలు, మొసలి తోళ్లు కప్పుకున్న మనుషులు, పాడుబడ్డ గుళ్లు, సముద్రం మధ్య దీవులు. ఎదురుగా పెట్టుకుని గీయడానికి నమూనా లేదు. చిత్రా ఆ లోకానికి ఒక దుస్తుల తీరు, ఒక ఆయుధాల తీరు కల్పించి ఏళ్ల తరబడి నిలకడగా నడిపారు. ఆయన బొమ్మలో మనుషులు నిలబడి ఉండరు, ఏదో ఒక పనిలో ఉంటారు. ఒకడు వెనక్కి తిరిగి చూస్తుంటాడు, ఇంకొకడి కాలు అప్పటికే గడప దాటి ఉంటుంది. చూసే కోణం కూడా ఒక్కోసారి పైనుంచి, ఒక్కోసారి నేల మట్టం నుంచి. పుటకి ఒక్క బొమ్మే ఉన్నా ఆ ఒక్కదాంట్లోనే ముందేం జరిగిందో, ఇకముందేం జరగబోతోందో పట్టిస్తారు. కామిక్సులో నాలుగైదు గళ్లు చేసే పని అది. చిత్రాను మన తొలి కామిక్సు చిత్రకారుల్లో ఒకరిగా నేను లెక్కపెడతాను. ఆయన గళ్లు గీయలేదు కదా అని మీలో కొందరనవచ్చు. రాకాసిలోయ బొమ్మలు మాత్రమే వరసగా చూసుకుంటూ వెళ్లండి, మాటల్లేకుండా కథ నడుస్తుంది.

శంకర్ దారి వేరు. ఆయన పేరు కె.సి. శివశంకరన్, 1924లో పుట్టారు. మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో చదువుకున్నారు. 1950ల తొలినాళ్లలో చందమామలో చేరారు. భుజాన శవం, చేత కత్తి, చుట్టూ శ్మశానం, ఆ మధ్య నడిచే విక్రమార్కుడు అంటే మన కళ్లకు కనబడేది శంకర్ గీసిన బొమ్మే. నెలనెలా అదే మనిషి, అదే శవం, అదే రాత్రి. అయినా విసుగు పుట్టనీయలేదు. ఆయన గీతలో దేవాలయ శిల్పం ఉంది. నగల్లో పూసలు లెక్కపెట్టుకోవచ్చు, పంచె కుచ్చిళ్లు ఎటు ఒరగాలో అటే ఒరుగుతాయి. కండరం, ఎముక ఎక్కడుండాలో అక్కడుంటాయి. చిత్రా వేగం, శంకర్ నిదానం ఒకే సంచికలో పక్కపక్కన ఉండేవి. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఇంతకు మించిన కళాశాల ఏముంటుంది? చిత్రా 1978లో పోయారు. శంకర్ 2020 దాకా ఉన్నారు, పద్మశ్రీ మాత్రం ఆయన పోయాక 2021లో వచ్చింది. బతికుండగా వచ్చి ఉంటే ఎంతో బాగుండేదని ఇప్పటికీ బాధపడతాను.

అట్టల సంగతికొస్తే ఎం.టి.వి. ఆచార్య వేసిన మహాభారత దృశ్యాలు, వడ్డాది పాపయ్యగారి రంగులు. వపా అన్న రెండక్షరాలు చూస్తే చాలు, అట్ట చించి గోడకంటించుకున్న ఇళ్లు తెలుగునేల మీద లెక్కలేనన్ని. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, కశింకోటలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి, 1992లో కన్నుమూశారు. మన మాస్టారికి వపా మీద అంత ప్రేమ ఎందుకో నేను వేరే చెప్పక్కర్లేదు. ఊరి బడిలో పిల్లల చేత కుండలూ మామిడిపళ్లూ గీయిస్తూనే దేశమంతా చూసే బొమ్మ వేయవచ్చని వపా రుజువు చేశారు. ఆ ధైర్యం ఎందరో డ్రాయింగ్ మాస్టార్లకు చేరింది.

బాపుగారి గురించి ఒక్క మాటే చెబుతాను, మిగతాది మీకు తెలుసు. సినిమా తీయబోయే ముందు సన్నివేశాలన్నిటినీ వరసగా బొమ్మలు గీసుకునేవారు. మనిషి ఎక్కడ నిలబడాలి, కెమెరా ఎటు చూడాలి అంతా కాగితం మీదే తేలిపోయేది. ఆ కాగితాలు కామిక్సు పుటలే. బాపు బొమ్మను అభిమానించేవాళ్లు బాపు సినిమాను కూడా ఆ కంటితో ఇంకోసారి చూడాలి.

ఇక ఇంగ్లీషు దొంతర. టైమ్స్ ఆఫ్ ఇండియావాళ్లు 1964 మార్చిలో ఇంద్రజాల్ కామిక్సు మొదలుపెట్టి 1990 దాకా నడిపారు. లీ ఫాక్ రాసిన ఫాంటమ్ అందులో రాజు. అట్టలు మాత్రం మన దేశపు చిత్రకారుడు గోవింద్ వేసేవారు. 1976లో ఆబిద్ సుర్తి బహదూర్ పాత్రను సృష్టిస్తే దానికి బొమ్మలు కూడా గోవింద్‌వే. పాత ఇంద్రజాల్‌లో ఫాంటమ్ బొమ్మ పిల్లల బొమ్మలా తేలికగా ఉంటుంది, తర్వాతి సంచికల్లో నీడలతో, కండలతో బరువుగా ఉంటుంది. మొదటిది విల్సన్ మెకాయ్ చెయ్యి, రెండోది సై బ్యారీది. ఈ పేర్లు తెలియని పిల్లలు కూడా తేడా కనిపెట్టి, పాత ఫాంటమ్‌కు కొత్త ఫాంటమ్‌కు వేర్వేరు మారకం కట్టేవారు. మెకాయ్ ఒకటికి బ్యారీ రెండు ఇవ్వాలనేవాళ్లు కొందరు, అటుదిటు చేసేవాళ్లు కొందరు. అది బేరం మాత్రమే కాదు. కళను తూచే మొదటి అలవాటు అక్కడే పడింది.

ఇలా చేతిని గుర్తుపట్టడం అమెరికాలో ఒక మనిషి జీవితాన్నే మార్చింది. డిస్నీ బాతుల కామిక్సులో చిత్రకారుల పేర్లు వేసేవారు కాదు. అయినా పాఠకులు ఆ కథల్లో కొన్ని మిగతావాటికంటే గొప్పగా ఉన్నాయని, అవన్నీ ఒకే చేతివని పసిగట్టారు. పేరు తెలియక ‘మంచి బాతుల చిత్రకారుడు’ అని పిలుచుకున్నారు. చివరికి 1960 ప్రాంతంలో ఇద్దరు అన్నదమ్ములు ఉత్తరాలు రాసి కార్ల్ బార్క్స్ అన్న పేరు బయటికి లాగారు. అప్పటికాయనకు అరవై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. అచ్చేసిన సంస్థ చెప్పని పేరు, సంచికలు దాచుకున్న పాఠకుల వల్ల లోకానికి తెలిసింది. బార్క్స్ 2000 దాకా బతికి ఆ గౌరవం కళ్లారా చూశారు.

1967లో అనంత్ పై మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ ఈ విషయంలో మర్యాద పాటించింది. లోపలి పుటలో రచయిత పేరు, చిత్రకారుడి పేరు రెండూ వేసేది. రామ్ వాయీర్కర్, ప్రతాప్ ములిక్, యూసుఫ్ లియెన్ పేర్లు మనకు తెలిసింది అందువల్లే.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. పాత సంచికలు స్కాన్ చేసి ఒకరికొకరు పంచుకున్న అభిమానులు లేకపోతే వాటిలో చాలా భాగం ఈపాటికి ఎవరికీ దొరికేవి కావు. ‘చంపి’లమని, అంటే చందమామ పిచ్చాళ్లమని తమకు తామే పేరు పెట్టుకున్నారు. వాళ్లకు ఈ సభాముఖంగా నమస్కరిస్తున్నాను. అయితే స్కాను చూసి కాగితం అక్కర్లేదనుకోవద్దు. సిరా కాగితంలోకి ఎంత ఇంకింది, రెండో రంగు గీత దాటి ఎంత పక్కకు జరిగింది, బ్లాకు ఎక్కడ అరిగింది అన్నవి కాగితమే చెబుతుంది.

గ్రంథాలయాలు చేసే హాని కూడా ఒకటుంది, చెప్పక తప్పదు. ఏడాది సంచికలు బైండింగుకు ఇస్తాం. బైండరు మొదట అట్టలు తీసేస్తాడు, ప్రకటనల పుటలు తీసేస్తాడు. తర్వాత మూడు వైపులా కత్తిరించి సమం చేస్తాడు. అట్ట పోతే వపా పోతారు. అంచు పోతే సంతకం పోతుంది. పుస్తకం చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ ఎవరి పుస్తకమో ఆ మనిషి అందులో ఉండడు. మాస్టారు ఒక్క సంచిక కూడా బైండు చేయించలేదు. ఒక్కోదాన్ని విడిగా కాగితపు కవరులో పెట్టి, తుప్పు పట్టిన పిన్నులు తీసి, నిలబెట్టకుండా పడుకోబెట్టి దాచారు. చిరిగిన చోట సెలోటేపు వేయలేదు. ఆ జిగురు కొన్నేళ్లకు ముదురు గోధుమరంగు మరకై గీతను తినేస్తుంది. పలచని కాగితం, ఉడికించిన మైదా పిండి, ఓపిక, ఇవే ఆయన సామాను.

వేటపాలెం సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికలను కాపాడినట్టు బొమ్మల పత్రికలను కాపాడే చోటు మనకొకటి కావాలి. తమిళులను చూడండి. శివకాశిలో 1972లో ముత్తు కామిక్సు, 1984లో లయన్ కామిక్సు మొదలయ్యాయి. మధ్యలో ఎన్ని ఒడిదుడుకులొచ్చినా పాత పాఠకులు వదల్లేదు, పెద్దవాళ్లయ్యాక కూడా కొంటూ వాటిని నిలబెట్టారు. జపానువాళ్లు తమ కామిక్సు చిత్రకారుడు తెజుకా ఒసాము కోసం తకరజుకా ఊళ్లో 1994లో మ్యూజియమే కట్టారు. మనకు మ్యూజియం కట్టేంత స్తోమత ఇవాళ లేదు. ఒక గది, నాలుగు ఉక్కు అలమరలు, ఒక నోటుపుస్తకం చాలు.

ఆ నోటుపుస్తకం గురించే నా విన్నపం. సంచికలను తేదీల వారీగా పట్టిక వేయడం ఎవరైనా చేస్తారు. మనం చిత్రకారుల వారీగా వేద్దాం. ఏ నెల, ఏ కథ, ఏ పుట, ఎవరి సంతకం. సంతకం లేని చోట గీతను బట్టి ఎవరిదనుకుంటున్నామో రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెడదాం. ఈ పనికి డిగ్రీలు అక్కర్లేదు. చిన్నప్పుడు చందమామ చదివిన కళ్లుంటే చాలు. ఈ సభలో అలాంటి కళ్లు చాలా కనిపిస్తున్నాయి. రిసాల బజారు, అల్వాల్, లోతుకుంటల నుంచి వచ్చినవాళ్లు ఇళ్ల అటకలు ఒకసారి వెతకండి. 1960కి ముందు సంచికలు మాస్టారి దగ్గర తక్కువగా ఉన్నాయి. అట్ట లేకపోయినా ఫర్వాలేదు, పుటలు చాలకపోయినా ఫర్వాలేదు, తీసుకురండి. ఇవ్వాలని లేకపోతే ఇక్కడే కూర్చుని పట్టికలోకి ఎక్కించి తిరిగి పట్టుకెళ్లండి. గ్రంథాలయం ఆదివారాలు పొద్దున పది నుంచి తెరిచే ఉంటుంది. మొదటి అలమర తోకచుక్క సంచికలతో మొదలుపెడుతున్నాం.