నాలుగు రోజులు ఆపిన మందు
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద మాట్లాడమంటే అందరూ షుగరు, బీపీల గురించి చెబుతారు. నేను హెచ్.ఐ.వి. మందుల గురించి చెబుతాను. నేను డాక్టరును కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. కాని ఈ విషయంలో ఒక తప్పు నా చేతిమీదుగా జరిగింది.

2012లో మా ఇంట్లో పెళ్లి. మేనల్లుడు వరసయ్యే అబ్బాయి మూడేళ్లుగా ఈ మందులు వాడుతున్నాడు. ఆ సంగతి మా ఇంట్లో నాకొక్కడికే తెలుసు. రాత్రి మాత్రల డబ్బా తీయబోతుంటే నేనే వారించాను. "చుట్టాలంతా చూస్తున్నార్రా, నాలుగు రోజులు ఆపితే ఏం కాదులే" అన్నాను. "సరే మామయ్యా" అన్నాడు. పెళ్లయ్యాక మళ్లీ మొదలుపెట్టాడు గాని, ఆపడం అలవాటైపోయింది. ప్రతి పండక్కీ, ప్రతి ప్రయాణానికీ నా మాటే ఆధారం. ఏడాది తిరిగేసరికి జ్వరాలు పట్టుకున్నాయి, మనిషి చిక్కిపోయాడు. రక్తపరీక్ష చేస్తే వైరస్ లెక్క పెరిగి ఉంది. పాత మందులు ఇక పనిచేయవన్నారు.

ఎందుకని? మన ఆఫీసు భాషలో చెబుతాను. మన రోజుల్లో ఒకరు నకలు రాస్తే ఇంకొకరు అసలుతో సరిచూసేవారు. హెచ్.ఐ.వి. నకలు రాసుకుంటుంది గాని సరిచూసుకోదు. మందు వాడని రోగి ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయి. వాటినిండా అక్షర దోషాలే. చాలావరకు పనికిరాని నకళ్లు. ఎక్కడో ఒక దోషం మాత్రం మందు పట్టు తప్పిస్తుంది. లామివుడిన్‌కైనా, నెవిరపిన్‌కైనా అలాంటి దోషం ఒక్కటి చాలు. మందు మిగతావాటిని అణిచేస్తే ఆ ఒక్కటే పెరుగుతుంది. వైరస్ కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. తప్పు నకలు బతికిపోతుంది, అంతే.

1987లో అమెరికాలో ఎ.జెడ్.టి. అనే మందు ఒక్కటే వచ్చింది. తరువాత హైదరాబాదు ఐ.ఐ.సి.టి.లో ఎ.వి. రామారావుగారి బృందం తయారీ పద్ధతి రూపొందిస్తే, సిప్లా వారు మన దేశంలో చౌకగా తయారుచేసిన మందు కూడా ఇదే. దానికి లొంగని వైరస్ 1989కే బయటపడింది. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలైంది. మూడింటినీ తప్పించుకునే దోషాలు ఒకే నకలులో పడటం బహు అరుదు. పైగా మందులు వేళకు పడితే నకలు రాయడమే దాదాపు ఆగిపోతుంది.

మన ఏజెన్సీ వారికి ఇది మరీ కొత్త సంగతి కాదు. చర్ల, దుమ్ముగూడెం క్యాంపులకు వెళ్లొచ్చి, చలిజ్వరంతో ముసుగుతన్ని, క్లోరోక్విన్ మింగినవాళ్లమే మనం. దానికి లొంగని మలేరియా 1973లోనే అస్సాంలో కనిపించింది. 2010 నుంచి ఫాల్సిపారం మలేరియాకు దేశమంతటా మందులు కలిపే ఇస్తున్నారు.

నా నాలుగు రోజుల సంగతికి వస్తాను. మూడు మందులూ ఒకేసారి ఆపినా, మూడూ ఒకేసారి ఒంట్లోంచి పోవు. రెండు త్వరగా పోతాయి, నెవిరపిన్ రోజుల తరబడి ఉంటుంది. అంటే ఆ రోజుల్లో వైరస్‌కు ఎదురుగా ఉన్నది ఒంటరి మందు. 1987 నాటి పరిస్థితే! మనం బీపీ మాత్ర ఒకరోజు మరిచినా మర్నాడు అదే మాత్ర పనిచేస్తుంది. ఇక్కడ ఆ భరోసా లేదు.

రెండో వరస మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది కాబట్టి అతను కోలుకున్నాడు. ఇప్పుడు డొలుటెగ్రావిర్ ఉన్న మాత్ర వచ్చింది. దాన్ని తప్పించుకోవడం వైరస్‌కు చాలా కష్టం. కష్టమే గాని, అసాధ్యం కాదట.

అతని అనుమతితోనే ఇదంతా చెప్పాను. మొన్న ముక్కోటికి ఉత్తర ద్వార దర్శనానికని వచ్చి మా ఇంట్లోనే దిగాడు. ఇంటినిండా జనం. రాత్రి తొమ్మిదింటికి అందరి ముందే డబ్బా తీసి మంచినీళ్లు అడిగాడు. నేనే లేచి తెచ్చిచ్చాను.