మంచు మ్రింగు వేడిమి

వెచ్చని నీటిలో మంచుగడ్డ వేసినచో నీరు చల్లబడునని అందరికిని తెలిసినదే. ఎంత చల్లబడునో ముందుగా చెప్పగలమా? చెప్పగలము. అందుకు కొలది గణితము చాలును. కాని మంచు స్వభావమొకటి మరువరాదు.

ఆ స్వభావమును 18వ శతాబ్దమున గ్లాస్గో విశ్వవిద్యాలయాచార్యుడు జోసెఫ్ బ్లాక్ వెల్లడించెను. ఆయన రెండు గాజుకుప్పెలలో సమానముగ నీరు పోసి, ఒకదానిని గడ్డకట్టించెను. రెండవదానిని గడ్డకట్టనీయక, ఇంచుమించు అంత చల్లగా చేసెను. పిదప రెంటిని ఒకే గదిలో వ్రేలాడదీసెను. నీరు అరగంటలో 7 ఫారన్‌హీట్ డిగ్రీలు వేడెక్కెను. మంచు కరగి అదే స్థితికి వచ్చుటకు పదిన్నర గంటలు పట్టెను! ఇంతసేపు గదినుండి గ్రహించిన వేడిమి ఏమైనది? ఉష్ణమాపకమునకు కానరాక, చాలభాగము కరగుటకే వ్యయమైనది. దానినే గుప్తోష్ణమందురు. 1 గ్రాము నీరు 1 సెంటిగ్రేడ్ డిగ్రీ వేడెక్కుటకు 1 కెలోరీ చాలును. 1 గ్రాము మంచు కరగుటకు సుమారు 80 కెలోరీలు కావలెను.

ఇక లెక్క. కాగితము, పెన్సిలు దగ్గరనున్నవారు వ్రాసికొనవచ్చును. 60 డిగ్రీల నీరు 500 గ్రాములు. అందులో 0 డిగ్రీల మంచు 200 గ్రాములు వేసితిమనుకొనుడు. పాత్రకు, గాలికి పోవు వేడిమిని విడిచిపెట్టుదము. ఆ నీరు 0 డిగ్రీల వరకు చల్లారినచో ఈయగలది 30,000 కెలోరీలు. మంచు కరగుటకు 16,000 పోగా మిగిలినవి 14,000. వీనిని మొత్తము 700 గ్రాముల నీటికి పంచినచో 20 డిగ్రీలు. ఇదియే తుది ఉష్ణోగ్రత. గుప్తోష్ణమును మరచినవారికి ఇంచుమించు 43 వచ్చును.

ఇంకొక చిక్కు గలదు. 40 డిగ్రీల నీరు 300 గ్రాములు, 0 డిగ్రీల మంచు 300 గ్రాములు తీసికొని ఇదే తీరున లెక్కించినచో, సున్నకు దిగువ 20 డిగ్రీలు వచ్చును. వెచ్చని నీరు చేరి మంచును మరింత చల్లబరచుట అసంభవము గదా! నీటియొద్ద నున్నది 12,000. మంచు కోరునది 24,000. కావున సగము మంచు మాత్రమే కరగును. తుది ఉష్ణోగ్రత 0 డిగ్రీలే. మంచు అంతయు కరగునా, కరగదా యని మొదటనే విచారింపవలెను. విచారింపని గణితము ఎంత శుద్ధమైనను ఫలితము తప్పగును.

ఈ గుప్తోష్ణమే లేకున్నచో, మంచు కరగు వేళ రాగానే కొండలమీది హిమమంతయు ఒక్కపెట్టున నీరై వరదలు ముంచెత్తెడివని బ్లాక్ బోధించెను. హిమాలయములందలి మంచు మెల్లమెల్లగా కరగి గంగకు వేసవియందును నీరందించుట, గ్రామునకు 80 కెలోరీల ఈ మూల్యము వలననే సాధ్యమగుచున్నది.