రోడ్లు భవనాల శాఖ సేవలు - ఒక గుమాస్తా జ్ఞాపకం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సేవ అన్నమాట వచ్చింది గనుక, నేను గుమాస్తాగా పనిచేసిన రోడ్లు భవనాల శాఖను గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి సంగతి మీకు తెలియనిది కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. కింద నేల కదిలితే పైన ఎంత తారు పోసినా కుంగవలసిందే. అందుకే గ్రావెల్ పరుపు, పక్క కాలువలు, తూములు, ఏటేటా మరమ్మతులు. నా చిన్నతనంలో వానాకాలం బండి ఇరుసుదాకా దిగబడేది. తరువాత మిరప బస్తాలు గుంటూరు యార్డుకు, పురిటి నొప్పుల మనిషి గుంటూరు పెద్దాసుపత్రికి వేళకు చేరాయంటే ఆ రోడ్ల పుణ్యమే.

1977 నవంబరు 19 తుపాను నాటికి నేను కొత్త గుమాస్తాను. ఒక వాగు పొంగితే గ్యాంగు కూలీ ఒకాయన రెండు రాత్రులు లాంతరుతో నిలబడి వచ్చిన బస్సునల్లా ఆపాడు. నెలాఖరున మస్టరు రోలు నా బల్ల మీదికొచ్చింది. ఆ రెండు రోజులూ ఆయనకు హాజరు పడలేదు. నేను ఎర్రసిరాతో అభ్యంతరం రాసి తిప్పి పంపాను. గ్యాంగు మొత్తం కూలి ఆగిపోయింది.

ఆయన నడిచి వచ్చాడు. "బాబుగారూ, మేస్త్రీగారు వాగవతల చిక్కుబడ్డారు. హాజరు ఎవరేస్తారండీ?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. తప్పు శాఖది కాదు, నా కలానిది.

1994లో 212 జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ల సర్వీసు చూపమన్నారు. కూలీలకు సాక్ష్యం ఆ మస్టరు రోళ్లే. ఆయన మాట గుర్తుంచుకుని నేను పాత కట్టలన్నీ దుమ్ము దులిపి వెదికాను.

శిలాఫలకాల మీద ఆ కూలీల పేర్లుండవు. వారి ఇళ్లలో ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు రాసుకోలేని ఆడవారుంటే దయచేసి మన సంఘానికి తీసుకురండి. రాసిపెట్టడానికి నేను కూర్చుంటాను. ఈసారి ఎర్రసిరా తీసుకురాను.

సెలవు. జై హింద్.